ఈగలకు బవేరియా మందు: ఏది పనిచేస్తుంది, ఏది ఎందుకు చేయదు

బవేరియా బాసియానా అనే శిలీంధ్రం ఇంటి ఈగను చంపుతుంది. అందులో సందేహం లేదు. సందేహమల్లా ఆ పేరు పెట్టుకుని వచ్చే సరుకు మీదే. పేరు ఒకటే, లోపలి బూజు ఒకటే. అయినా ఒక సీసా వారం పది రోజుల్లో పశువుల, కోళ్ళ షెడ్డులో ఈగల రొద తగ్గిస్తుంది, ఇంకో ప్యాకెట్ గోడకు పౌడరు రాసినట్టే ఉంటుంది. ఈ తేడా ఎక్కడుందో కొనేముందే కనిపెట్టవచ్చు.

ఇది మూడు రూపాల్లో దొరుకుతుంది. నీళ్ళలో కలిపి కొట్టే టాల్క్ పొడి ఒకటి, నూనెలో తేలే ద్రవం రెండోది, టాల్క్ కలపని చిక్కటి బీజాల పొడి మూడోది (బీజాలంటే బూజుకు విత్తనాల్లాంటివి). ఈగల వరకు మా తీర్పు ఇది: ఈగలు వాలే చోట్లకు నూనె ద్రవం మంచిది, ఎర తయారీకి బీజాల పొడి మంచిది. టాల్క్ పొడి పంటలకు పనికొస్తే రావచ్చు గానీ ఈగల కోసమైతే కొనకండి.

లేబుల్ మీద చూడాల్సిన అంకె

ప్యాకెట్ వెనక సీఎఫ్‌యూ అని ఒక అంకె ఉంటుంది. గ్రాములో గానీ మిల్లీలీటరులో గానీ బతికుండి మొలకెత్తగల సిద్ధబీజాలు ఎన్ని ఉన్నాయో చెప్పేది అదే. టాల్క్ పొడుల మీద ఎక్కువగా 1×10⁸ అని కనిపిస్తుంది. అంటే గ్రాముకు 10 కోట్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. లీటరు నీళ్ళకు 5 గ్రాములు కలపమని పక్కనే రాసి ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. 5 గ్రాముల్లో 50 కోట్ల బీజాలు. వాటిని 1000 మిల్లీలీటర్లకు పంచితే మిల్లీలీటరుకు వచ్చేది 5 లక్షలు. ఈగ మీద నమ్మకంగా పనిచేయాలంటే మిల్లీలీటరుకు కనీసం కోటి బీజాలు కావాలి, 10 కోట్లు ఉంటే ఇంకా మంచిది. కనీసానికే ఇరవయ్యో వంతు చేతికొస్తోందన్నమాట. లోటు పూడుద్దామని లీటరుకు 100 గ్రాములు కలిపితే చిక్కటి బురద తయారై నాజిల్ మూసుకుపోతుంది.

లేబుల్ రాసినవాళ్ళు అబద్ధమాడారని కాదు. ఆ మోతాదు పంట పురుగుల కోసం రాసింది. మెత్తటి ఒళ్ళున్న పురుగు మందు పడిన ఆకు మీదే గంటల తరబడి పాకుతుంది, దాన్నే తింటుంది. ఈగ అలా కాదు, వాలినట్టే వాలి లేచిపోతుంది. ఆ కొద్ది క్షణాల్లో దాని కాళ్ళకు, మూతికి, పొట్ట అడుగుకు చాలినన్ని బీజాలు అంటుకోవాలి. అందుకే చిక్కదనం దగ్గర రాజీ కుదరదు.

నూనె ద్రవాల్లో మిల్లీలీటరుకు 1×10¹⁰ నుంచి 2×10¹⁰ దాకా ఉంటాయి, అంటే వెయ్యి నుంచి రెండు వేల కోట్లు. లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 5 నుంచి 10 కోట్లు వస్తాయి. సరిగ్గా కావలసింది అంతే. చిక్కటి బీజాల పొడి గ్రాముకు వెయ్యి కోట్ల నుంచి పది వేల కోట్ల దాకా ఉంటుంది. ధర పోల్చేటప్పుడు కిలోల లెక్క వదిలేసి బీజాల లెక్కన పోల్చండి. చవకనుకున్న టాల్క్ పొడి చివరికి అన్నిటికంటే ఖరీదుగా తేలుతుంది.

ఆ అంకె తయారైన రోజుదా, గడువు తీరే రోజుకు మిగిలేదా అన్నది కూడా చూడాలి. చాలా లేబుళ్ళు ఈ సంగతి దాటేస్తాయి. ఇది మాకు నచ్చని పద్ధతి. బీజాలు బతికున్న సరుకు, రోజురోజుకీ చస్తూనే ఉంటాయి. 4 డిగ్రీల చలిలో పెడితే నెలల తరబడి నిలుస్తాయి, 40 డిగ్రీల గోదాములో పడేస్తే వారాల్లోనే చచ్చిపోతాయి. స్ట్రెయిన్, అంటే అదే శిలీంధ్రంలోని ప్రత్యేక రకం, దాని పేరు కూడా ముఖ్యమే. జీహెచ్ఏ లాంటి పేరున్న స్ట్రెయిన్ల మీద పరీక్షలు బోలెడన్ని జరిగాయి. హెచ్ఎఫ్23 అనేది ఈగల మీద వాడటానికే నమోదైన స్ట్రెయిన్. ఉత్త 'బవేరియా' అని మాత్రమే రాసిన ప్యాకెట్‌లో ఏం ఉందో చెప్పడం కష్టం.

చంపే తీరు, పట్టే కాలం

రసాయన మందుకు అలవాటు పడినవాళ్ళు మొదటిసారి వాడి నిరాశపడేది ఇక్కడే. కొట్టిన మర్నాడు ఈగలు ఎప్పటిలాగే తిరుగుతుంటాయి. ఒంటికి అంటిన బీజం 12 నుంచి 24 గంటల్లో మొలకెత్తుతుంది. కైటిన్‌ను, ప్రోటీన్లను, కొవ్వును కరిగించే ఎంజైములు వదిలి పై పొరకు రంధ్రం చేసుకుని లోపలికి దిగుతుంది. లోపల రక్తంలో ఈస్టులాగా విడివిడి కణాలై పెరుగుతుంది. ఈగ తిండి తగ్గించేస్తుంది, మందగిస్తుంది, 4 నుంచి 7 రోజుల్లో చస్తుంది. శిలీంధ్రాన్ని ఈగ తినక్కర్లేదు, తాకితే చాలు. గోడకో తాడుకో పట్టి నిలిచి పనిచేసే మందుగా ఇది నెగ్గుకొచ్చేది ఈ గుణం వల్లే.

ఈ నాలుగు నుంచి ఏడు రోజుల ఆలస్యానికి ఇంకో అర్థం కూడా ఉంది. వేడి రోజుల్లో ఈగ గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. బయటికొచ్చిన ఆడ ఈగ నాలుగైదు రోజుల్లోనే గుడ్లకు సిద్ధమవుతుంది, ఒక్కో విడతకు వందకు అటూ ఇటూగా పెడుతుంది. కొత్తగా పుట్టిన ఈగకు మొదటి రెండు రోజుల్లోనే బీజాలు అంటితే గుడ్లు పెట్టకుండానే పోవచ్చు, ఆలస్యమైతే ఒక విడత పెట్టేసి పోతుంది. కాబట్టి ఒక్కసారి కొట్టి చూద్దాం అనుకుంటే ఫలితం కనపడదు. వారానికోసారి చొప్పున కనీసం మూడు నాలుగు విడతలు వేసుకోవాలి, అదీ ఈగలు విపరీతంగా పెరగకముందే. ఇప్పటికే గుప్పున లేచిన గుంపును రెండు రోజుల్లో దించాలంటే ఈ మందు పనికిరాదు.

మరి ఇంత నెమ్మది మందెందుకు? 1940ల్లో డీడీటీ వచ్చిన కొన్నేళ్ళకే ఈగ దానికి మొండికేసింది. తర్వాత వచ్చిన మందులకూ అదే జరిగింది, పైరెథ్రాయిడ్లకూ తప్పలేదు. వాటికి లొంగని ఈగ కూడా బవేరియాకు లొంగుతుంది, ఎందుకంటే ఇది చంపే దారి వేరు. పేడలో ఈగ గుడ్లను తినే పెంకు పురుగులకు, ఈగ ప్యూపాల (పురుగు ఈగగా మారే ముందు గూడు దశ) మీద బతికే చిన్న కందిరీగలకు కూడా గోడల మీద, తాళ్ళ మీద వేసే ఈ మందుతో పెద్దగా ముప్పు లేదు. రసాయనం కొడితే ముందు పోయేది అవే. అవి పోయాక ఈగ రెట్టింపుగా తిరిగొస్తుంది.

కలపడం, కొట్టడం

నూనె ద్రవం సీసాను వాడేముందు బాగా ఊపాలి. బీజాలు అడుగున గట్టిగా పేరుకుని ఉంటాయి, పైనున్న నూనె ఒంపుకుంటే మందు సీసాలోనే మిగిలిపోతుంది. 5 మిల్లీలీటర్లను ముందు పావు లీటరు నీళ్ళలో పాలలా తెల్లగా అయ్యేదాకా చిలికి, ఆ తర్వాతే లీటరుకు పెంచాలి. బీజాల పొడితో చేసుకుంటే లీటరుకు అర మిల్లీలీటరు స్ప్రెడర్ (పొడిని నీళ్ళలో కలిసేలా, మందు పరుచుకునేలా చేసే ద్రవం) తప్పనిసరి. ఈ బీజాలకు నీళ్ళంటే పడదు, ఉత్త నీళ్ళలో వేస్తే పైన తెట్టులా తేలతాయి. కొద్ది నీళ్ళలో స్ప్రెడర్ కలిపి, పొడిని ముద్దలా నూరి, అరగంట నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టాలి.

క్లోరిన్ వేసిన కుళాయి నీళ్ళు వద్దు. తప్పకపోతే వెడల్పాటి పాత్రలో రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడండి. శిలీంధ్రాలను చంపే మందులు కొట్టిన స్ప్రేయర్‌ను రెండు మూడు సార్లు కడగనిదే దీనికి తీయొద్దు. డ్రమ్ములో మిగిలిన కాస్త రాగి మందు, మాంకోజెబ్ చాలు పనంతా పాడవడానికి. కలిపిన మందు ఆ పూటకే సరి, మర్నాటికి దాచుకుంటే బీజాలు నీళ్ళలోనే మొలకెత్తి వృథా అవుతాయి. స్ప్రేయర్ లోపలి సన్నజాలి ఫిల్టర్ తీసేసి, కొడుతున్నంతసేపూ ట్యాంకును మధ్యమధ్యలో కదుపుతుండాలి.

లీటరు మందు 20 చదరపు మీటర్లకు సరిపోతుంది. తడి కనపడాలి, కారకూడదు. కారిపోయిందంటే బీజాలు నేలపాలైనట్టే.

ఎక్కడ కొట్టాలన్నది ఎంత కొట్టాలన్నదానికంటే ముఖ్యం. ఈగలు పగలు నేల మీద, మేత మీద తిరిగినా రాత్రికి పైకెక్కుతాయి: దూలాలు, వేలాడే వైర్లు, తాళ్ళు, లైట్ల తీగలు, తలుపు అంచులు. ఎక్కడ నల్లటి చుక్కలు ఒత్తుగా ఉన్నాయో చూడండి, అవి ఈగ రెట్టలు. ఆ చోటే మీ గురి. గోడంతా తడపడం దండగ. అడుగు నుంచి రెండడుగుల పొడవున్న జనపనార తాళ్ళనో గుడ్డ పేలికలనో నూనె ద్రవంలో ముంచి, నీడలో ఆరబెట్టి, పైకప్పు నుంచి వేలాడదీయడం మేం చూసిన పద్ధతుల్లో మేలైనది. వేలాడే సన్నటి అంచంటే ఈగకు మహా ఇష్టం. వారానికోసారి తాళ్ళు దించి మళ్ళీ ముంచుకోవచ్చు, స్ప్రేయరే అక్కర్లేదు.

కొత్తగా సున్నం వేసిన గోడ జోలికి వెళ్ళొద్దు, ఆ క్షారం బీజాలకు పడదు. ఎండ తగిలే గోడ కూడా దండగే. అతినీలలోహిత కిరణాలకు బీజాలు గంటల్లో చస్తాయి. కొట్టడం సాయంత్రానికి పెట్టుకోండి.

ఎర

ఈ మందుతో చేయగలిగిన పనుల్లో ఇది బాగా అక్కరకొచ్చేది, బాగా చెడేది కూడా. 100 గ్రాముల పొడి పంచదారకు 10 గ్రాముల బీజాల పొడి, 5 గ్రాముల పాలపొడి కలిపి, లోతు లేని పళ్ళెంలో పల్చగా చల్లాలి. బీజాల పొడిలో గ్రాముకు వెయ్యి కోట్లుంటే ఎరలో గ్రాముకు ఇంచుమించు 87 కోట్లు పడతాయి. ఈగ మూతి చాచి, ఉమ్మితో పంచదార కరిగించుకుని పీలుస్తుంది, ఆలోగా ఆరు కాళ్ళతో ఎరంతా తొక్కుతుంది. బీజాలు దాని పాదాల మెత్తల వెంట్రుకల్లో ఇరుక్కుంటాయి. తర్వాత కాళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ, రెక్కలు తుడుచుకుంటూ ఒళ్ళంతా తనే పూసుకుంటుంది. జతకట్టడానికి ఎగబడే మగ ఈగ ఆడదానికీ అంటిస్తుంది.

చెడగొట్టేది తడి. పానకంలా చేసి పెడితే ఈగలు ఎక్కువ వస్తాయన్నది నిజమే. కానీ ఒకటి రెండు రోజుల్లో అది పులుస్తుంది, బీజాలు ఈగకు అంటకముందే మొలకెత్తి చస్తాయి. ఎర పొడిగానే ఉండాలి. గాలిలో తేమకు గడ్డకడితే పారేసి కొత్తది పెట్టండి, ఎలాగూ వారానికి రెండుసార్లు మార్చాలి. ఆడ ఈగ వాసన పదార్థమైన మస్కల్యూర్ దొరికితే లేబుల్ చెప్పినంత కలపొచ్చు. మగ ఈగలు దానికి బాగా వస్తాయి. పళ్ళెం కోళ్ళకు, పశువులకు, పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. పక్కనే తెరిచిన మేత, కుళ్ళిన పళ్ళు ఉంటే ఎర వైపు ఈగ తిరిగి కూడా చూడదు.

ఎండాకాలంలో ఎందుకు తేలిపోతుంది

బవేరియాకు హాయిగా ఉండేది 25 నుంచి 30 డిగ్రీలు. 32 దాటితే మందగిస్తుంది, 35 నుంచి 37కి వచ్చేసరికి చాలా స్ట్రెయిన్లు ఎదగడం ఆపేస్తాయి. రేకుల షెడ్డు పైకప్పు కింద మధ్యాహ్నం ఎంతుంటుందో థర్మామీటరు కట్టి చూడండి. దీనికి తోడు ఈగకో సొంత వైద్యం ఉంది. బూజు సోకిన ఈగ కావాలనే వెచ్చటి చోటు వెతుక్కుని వాలుతుంది, ఒంటి వేడి పెంచుకుని శిలీంధ్రాన్ని అణచుకుంటుంది. జ్వరం తెచ్చుకోవడమే అది. కాబట్టి మండే రోజుల్లో చావు వారం దాటి సాగుతుంది, కొన్ని ఈగలు బతికి బట్టకడతాయి కూడా. ఫ్యాన్లు, పైకప్పు మీద గడ్డి, నీళ్ళు చల్లడం వంటివి ఉన్న షెడ్డులోనే ఆ కాలంలో దీన్ని నమ్ముకోవచ్చు. గాలిలో తేమ తక్కువైనప్పుడు నీటి మందు కంటే నూనె మందు మెరుగు. నూనె ఈగ పైపొరకు అతుక్కుని బీజం ఎండకుండా కాపాడుతుంది.

సరుకు బతికుందా అని చూసుకునే పద్ధతి

రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో మందు కొట్టి ఆరబెట్టిన అట్టముక్క, రెండోదానిలో ఉత్త నీళ్ళు కొట్టిన అట్టముక్క పెట్టండి. ఈగల్ని వలలో పట్టి, ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే మగతగా పడుంటాయి. అప్పుడు సీసాకు 25 చొప్పున వేయండి. పంచదార నీళ్ళలో తడిపిన దూది పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, 25 నుంచి 28 డిగ్రీల నీడలో వారం ఉంచి రోజూ లెక్కపెట్టండి. మందు సీసాలో నూటికి 80, ఉత్త సీసాలో 20 చచ్చాయనుకోండి. మందు చంపింది 60 కాదు. బతకాల్సిన 80లో 60 చంపింది, అంటే 75 శాతం.

చచ్చిన ఈగ దేనితో చచ్చిందో కూడా తేల్చాలి. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో అర నిమిషం ముంచి, మంచినీళ్ళలో రెండుసార్లు కడిగి, తడి కాగితం పరిచిన డబ్బాలో మూతపెట్టి ఉంచండి. రెండు మూడు రోజుల్లో మెడ దగ్గర, పొట్ట మడతల మధ్య, కాళ్ళ కీళ్ళలో తెల్లటి నూగు బయటికొస్తుంది. నాలుగైదు రోజులకు ఈగంతా బియ్యప్పిండిలో దొర్లించినట్టు కనపడుతుంది. అదే బవేరియా. నల్ల చుక్కలతో పొడవాటి బూడిదరంగు వెంట్రుకల్లా వస్తే అది మామూలు కుళ్ళు బూజు. ఏమీ రాకపోతే మందు చచ్చిన సరుకు, లేదా ఈగ వేరే కారణంతో పోయింది. మైక్రోస్కోపు ఉన్నవాళ్ళు పోషక అగర్ మీద చుక్క వేసి, 24 గంటల తర్వాత 300 బీజాల్లో ఎన్ని మొలకేశాయో చూడొచ్చు. మంచి సరుకులో నూటికి 85 పైనే ఉండాలి.

తెల్లబడ్డ ఈగ శవం ఒకటి చూసి మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోకండి. కిటికీ అద్దానికి మూతి అతికించుకుని, రెక్కలు పైకెత్తి, చుట్టూ తెల్లటి వలయంతో చచ్చిన ఈగ కనిపిస్తే అది వేరే శిలీంధ్రం పని, పేరు ఎంటమాఫ్థోరా మస్కే. ఈగను సాయంత్రం వేళకు ఎత్తు మీదికి ఎక్కించి, రెక్కలు విప్పించి, చుట్టూ బీజాలను చిమ్ముతుంది. ఈగల మీద దాని దెబ్బ చాలా గట్టిది. కానీ దాని బీజాలు ఎక్కువసేపు బతకవు, పెద్దయెత్తున పెంచడం కష్టం, అందుకే సీసాల్లో రాదు. తేమ లేని షెడ్డులో బవేరియా శవాల మీద బీజాలు అరుదుగానే వస్తాయి, కాబట్టి ఒకసారి వేస్తే దానంతటదే వ్యాపిస్తుందన్న అమ్మకపు మాట నమ్మొద్దు.

జాగ్రత్తలు

పట్టుపురుగులు పెంచే చోట, దాని చుట్టుపక్కల దీన్ని తేనే వద్దు. అగోస్టినో బాసి 1835లో ఈ బూజు గురించి రాసింది పట్టుపురుగులను నిలువునా చంపే సున్నకట్టు వ్యాధికి కారణం వెతుకుతూనే. బాసియానా అన్న పేరు ఆయన పేరు మీద పెట్టిందే. తేనెటీగల పెట్టెల దగ్గర, పూల మీద కూడా కొట్టొద్దు. మనుషులకు మామూలుగా సోకదు గానీ పొడి ముక్కులోకి పోతే అలర్జీ తెస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. వంటగదిలో, తినే పదార్థాల దగ్గర ఇది వాడే మందు కాదు.

పేడ కుప్ప మీద కొడితే ఈగ పిల్లపురుగులు చస్తాయా అని చాలామంది అడుగుతారు. చావవు, లేదా లెక్కలోకి రానంత తక్కువ చస్తాయి. పురుగు పాత చర్మంతో పాటు బీజాల్నీ విడిచేస్తుంది, పేడలో ఉండే వేరే సూక్ష్మజీవులు బవేరియాను ఎదగనివ్వవు. అక్కడ పని చేసేది పార. ఏడు రోజుల లోపే పేడ ఎత్తేయాలి, కారే నీటి గొట్టాలు బాగుచేయాలి, కోళ్ళ రెట్ట పొడిగా ఉండేలా చూడాలి.

పనిచేస్తోందో లేదో కంటి అంచనాకు వదలొద్దు. ఈగలు వాలే చోట్ల 3×5 అంగుళాల తెల్ల కార్డులు కట్టి, వారానికోసారి రెట్ట చుక్కలు లెక్కపెట్టి తేదీ వేసి దాచండి. కార్డుకు వారానికి 100 చుక్కలు దాటితే ఈగలు ఎక్కువన్నట్టు. మందు మొదలుపెట్టిన మొదటి వారం అంకె తగ్గదు, రెండో వారం తగ్గడం మొదలవ్వాలి, మూడో వారానికి స్పష్టంగా కనపడాలి. మూడో వారానికీ కదలకపోతే సీసా పరీక్ష చేయండి. మందు బతికే ఉందని తేలితే తాళ్ళు దించేసి ముందు పేడ కుప్ప దగ్గరికి వెళ్ళండి.